సగము వెలుగు, సగము చీకటి: ఫ్లాష్ ఛాయాచిత్రముల చరిత్ర

పాఠశాల వార్షికోత్సవములందును, పెండ్లిపందిళ్ళలోను రాత్రివేళ తీసిన ఫోటోలను పరికించి చూచినచో కొన్ని లోపములు తరచుగా కనబడుచుండును. ఒక ఫోటోలో ముందువరుసలో కూర్చున్నవారి ముఖములు సున్నము పూసినట్లు తెల్లగా ఉండును. వెనుకవరుసలో నిలిచినవారు చీకటిలో కలిసిపోయి ఉందురు. మరియొక ఫోటోలో ఒక అంచు వెంబడి గీత గీసినట్లు నల్లని పట్టీ ఉండును. ఇంకొక దానిలో నడిమి భాగము మాత్రము ప్రకాశించి, నాలుగు మూలలు మసకబారి ఉండును. సామాన్యముగా వీనినన్నిటిని "ఫ్లాష్ సరిగా పడలేదు" అను ఒక్క మాటతో సరిపెట్టుదురు. దీపమే పాడైనదని తలచి దానిని మార్చువారును కలరు.

కాని ఇవి వేరువేరు లోపములు. వీని కారణములు వేరు, చికిత్సలు వేరు. కొన్నిటిలో వెలుతురు ఆ చోటికి తగినంతగా చేరలేదు. మరికొన్నిటిలో వెలుతురు చేరినది గాని, అది చేరిన క్షణమున కెమేరా కన్ను ఆ భాగమున మూసికొని ఉన్నది. మొదటిది స్థలమునకు సంబంధించిన లోపము. రెండవది కాలమునకు సంబంధించినది. కృత్రిమ కాంతితో ఫోటోలు తీయు విద్యకు నూట అరువది సంవత్సరములకు పైబడిన చరిత్ర కలదు. ఆ చరిత్రలో మొదట స్థలలోపములు, పిదప కాలలోపములు బయటపడినవి. ఆ క్రమమును తెలిసికొన్నవారికి, బొమ్మను చూచినంతనే కారణమును ఊహించుట కష్టము కాదు.

భూమి లోపల మొదటి ప్రయత్నములు

1861 లో పారిస్ నగరమున నాదార్ అను ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు భూగర్భమునందలి అస్థికల సొరంగములను ఫోటో తీయ సంకల్పించెను. అచట సూర్యరశ్మి చొరదు. ఆయన బున్సెన్ ఘటములనుండి వచ్చు విద్యుత్తుతో ఆర్కు దీపమును వెలిగించెను. ఆ కాలపు ఫలకములకు కాంతిగ్రహణశక్తి మిక్కిలి తక్కువ. ఒక్కొక్క చిత్రమునకు పదునెనిమిది నిమిషములవరకు వెలుతురు కావలసివచ్చెను. అంతసేపు ఏ మనుష్యుడును కదలక నిలువలేడు గనుక, కూలివారికి బదులుగా బట్టలు తొడిగిన బొమ్మలను ఆయన నిలువబెట్టెను.

ఆర్కు దీపమునకు ఘటములు, తీగలు మోసికొనిపోవలెను. ఆ భారమును తప్పించినది మెగ్నీషియము. ఈ లోహమును 1808 లో హంఫ్రీ డేవీ వేరుచేసెను. అది మండునపుడు కన్నులు మిరుమిట్లు గొలుపు తెల్లని వెలుగు వచ్చును. ఆ వెలుగులో ఫోటో ఫలకములపై పనిచేయు నీల, అతినీలలోహిత కిరణములు అధికము. 1860 తరువాత ఇంగ్లండులో ఎడ్వర్డ్ సోన్‌స్టాట్ మెగ్నీషియమును వ్యాపారసరళిలో తయారుచేయు పద్ధతిని రూపొందించెను. 1864 లో మాంచెస్టరు నివాసియగు ఆల్‌ఫ్రెడ్ బ్రదర్స్ మెగ్నీషియము వెలుగులో డర్బీషైరులోని బ్లూ జాన్ గుహను ఫోటో తీసెను. మరుసటి సంవత్సరము ఖగోళశాస్త్రజ్ఞుడగు పియాజీ స్మిత్ ఈజిప్టులోని మహా పిరమిడు లోపలి భాగములను ఇదే వెలుగుతో చిత్రించెను.

ఈ తొలి చిత్రములందే దీపమునకు దగ్గరనున్న రాళ్ళు తెల్లబడుట, దూరపు గోడలు చీకటిలో మునుగుట సహజమయ్యెను. మెగ్నీషియము మండగా పుట్టు తెల్లని ఆక్సైడు పొగ గాలిలో నిలిచి, రెండవ చిత్రమును మరింత చెరచెడిది.

దూరము చేయు మార్పు

దగ్గరి వస్తువు తెల్లబడి దూరపు వస్తువు నల్లబడుటకు కారణము ఫోటోగ్రఫీ పుట్టుటకు రెండువందల సంవత్సరములకు పూర్వమే తెలిసియుండెను. బిందువువంటి దీపమునుండి బయలుదేరిన కాంతి దూరము పెరిగినకొలది ఎక్కువ వైశాల్యముమీద పరచుకొనుననియు, అందుచే దాని తీవ్రత దూరము యొక్క వర్గమునకు విలోమముగా తగ్గుననియు కెప్లరు 1604 లో ప్రకటించిన గ్రంథమున తెలిపెను. 1760 లో లాంబర్ట్ కాంతిని కొలుచు శాస్త్రమును క్రమబద్ధము చేసి, ఏటవాలుగా పడు కాంతి నిటారుగా పడు కాంతికంటె తక్కువ ప్రకాశము నిచ్చునని గణితముతో చూపెను.

ఈ నియమమును బృందచిత్రమునకు అన్వయించి చూడవచ్చును. ఫ్లాష్ నుండి ముందువరుస 2 మీటర్ల దూరమున, వెనుకవరుస 4 మీటర్ల దూరమున ఉన్నవనుకొందము. దూరము రెట్టింపు గనుక వెనుకవారికి చేరు వెలుతురు ముందువారికి చేరుదానిలో నాలుగవ వంతు మాత్రమే. దీపమెంత గొప్పదైనను ఈ నిష్పత్తి మారదు. దీపమును పెంచినచో వెనుకవారు కనబడుదురు గాని, ముందువారు ఇంకను తెల్లబడుదురు. ఎక్కువ శక్తిగల ఫ్లాష్ కొన్నను లోపము పోకపోవుటకు ఇదియే కారణము.

దీపమును మరి 2 మీటర్లు వెనుకకు జరిపినచో దూరములు 4, 6 మీటర్లగును. అప్పుడు వెనుకవారికి ముందువారి వెలుతురులో తొమ్మిదింట నాలుగు వంతులు చేరును. అనగా నాలుగవ వంతు ఇప్పుడు దాదాపు సగమైనది. అయితే ముందువారికి చేరు వెలుతురు మునుపటిలో నాలుగవ వంతునకు దిగిపోయినది. దానికి తగినట్లు కెమేరా ద్వారమును పెద్దది చేయవలెను, లేదా దీపపు శక్తిని పెంచవలెను. సమానత్వము కావలెనన్నచో వెలుతురును వ్యయము చేయక తప్పదు. ఫ్లాష్‌ను తెల్లని లోకప్పువైపు త్రిప్పుటలోని రహస్యమును ఇదియే. కాంతి కప్పుమీద పరచుకొని, అందరికిని ఇంచుమించు సమాన దూరమునుండి దిగివచ్చును. పొడవైన వరుసను విల్లువలె వంచి కూర్చుండబెట్టు అలవాటును ఈ నియమమునకు అనుగుణమైనదే; చివరివారును నడిమివారును దీపమునకు సమదూరమున ఉందురు.

మెరుపు పొడి

1887 లో జర్మనీ దేశీయులగు అడాల్ఫ్ మీతె, యోహన్నెస్ గేడికె అనువారు మెగ్నీషియము పొడిని పొటాసియం క్లోరేటు, ఆంటిమొనీ సల్ఫైడులతో కలిపి మెరుపు పొడిని తయారుచేసిరి. అంతవరకు నిలకడగా మండిన లోహము ఇప్పుడు క్షణములో భగ్గుమని వెలుగసాగెను. కదలు మనుష్యులను చీకటిలో ఫోటో తీయుట సాధ్యమయ్యెను.

ఈ వార్తను పత్రికలో చదివినవారిలో న్యూయార్కు నగర విలేఖరి జేకబ్ రీస్ ఒకడు. వలస వచ్చిన పేదలు క్రిక్కిరిసి నివసించు గాలి వెలుతురు లేని గదులనుగూర్చి ఆయన ఎంత వ్రాసినను చదువరుల మనస్సు కరుగలేదు. ఆ గదులలోనికి మెరుపు పొడిని కొనిపోయి ఆయన ఫోటోలు తీయించెను, పిదప తానే తీసెను. అంధులున్న ఒక గదిలో పొడి పేలి గోడనున్న కాగితములు, గుడ్డలు అంటుకొనగా ఆయనయే మంట లార్పవలసివచ్చెను. 1890 లో వెలువడిన ఆయన గ్రంథము నగరపు ఇండ్ల సంస్కరణకు తోడ్పడినది. ఆ చిత్రములలో దగ్గరి ముఖములు తెల్లబడి, గది మూలలు నల్లగా ఉన్నవి. అయినను ఆ చీకటి మూలలలో ఇంకను మనుష్యులున్నారని చూపరులు గ్రహించిరి. గదిలో ఎందరు నిదురించుచున్నారో చూపుటయే రీస్ ఉద్దేశము గనుక, వెలుతురు వెనుకగోడవరకు చేరుట చేరకపోవుట ఆయనకు చిన్న విషయము కాదు.

ఈ కాలమున కాలలోపము లేదు. ఫోటోగ్రాఫరు చీకటిలో కెమేరాను స్టాండుపై నిలిపి, కటకపు మూత తీసి, పొడిని పేల్చి, మరల మూత పెట్టెడివాడు. మెరుపు వచ్చు సమయమున ఫలకమంతయు తెరచియే యుండెడిది. పేలుడులో చేతులు, కన్నులు కోల్పోయిన ఫోటోగ్రాఫరులు ఉండిరి గాని, చిత్రముపై నల్లని పట్టీ మాత్రము పడలేదు.

గాజుబుడ్డిలో మంట, పరుగెత్తు చీలిక

పేలుడు ప్రమాదమును తొలగించుటకు మంటను గాజుబుడ్డిలో బంధించిరి. 1925 లో జర్మనీలో పాల్ ఫియర్‌కోటర్ ఇట్టి బల్బునకు పేటెంటు పొందెను. కొలది సంవత్సరములలో యోహన్నెస్ ఓస్టర్‌మయ్యర్ పలుచని అల్యూమినియము రేకును ఆక్సిజనుతో నింపిన బుడ్డిలో మండించు బల్బును రూపొందించెను. 1930 నాటికి ఫ్లాష్ బల్బులు ఐరోపాలోను అమెరికాలోను అంగళ్ళకు వచ్చినవి. పొగ లేదు, నిప్పురవ్వలు లేవు. ఒక్కొక్క బల్బు ఒక్కసారియే పనిచేయును.

అదే కాలమున కెమేరాయును మారినది. 1925 లో మార్కెట్టునకు వచ్చిన లైకా కెమేరా చేతిలో ఇముడును. దానిలో ఫిలిముకు ఎదురుగా రెండు గుడ్డ తెరలు కలవు. మీట నొక్కినంతనే మొదటి తెర జరిగి ఫిలిమును తెరచును. కొంత విరామము తరువాత రెండవ తెర దాని వెంబడి వచ్చి మూయును. వేగము తక్కువగా ఉన్నపుడు మొదటి తెర పూర్తిగా దాటిన పిమ్మట రెండవది కదలును. వేగము హెచ్చుగా ఉన్నపుడు మొదటిది సగము దారిలో ఉండగానే రెండవది బయలుదేరును. అప్పుడు ఫిలిము ఏ క్షణమునను సంపూర్ణముగా తెరచి ఉండదు. రెండు తెరల నడుమ ఒక చీలిక మాత్రము ఫిలిముమీదుగా పరుగెత్తుచుండును.

పగటి వెలుతురులో దీనివలన హాని లేదు. చీలిక పోయినచోటనెల్ల సూర్యుడున్నాడు. మెరుపు విషయము వేరు. ఉదాహరణకు, తెర 36 మిల్లీమీటర్ల ఫిలిమును దాటుటకు 1/60 సెకండు పట్టుననుకొందము. షట్టరును 1/250 సెకండునకు పెట్టినచో చీలిక వెడల్పు సుమారు 9 మిల్లీమీటర్లు. సెకండులో వెయ్యవ వంతుకంటె తక్కువ సేపుండు మెరుపు ఆ సమయమున వచ్చినచో, ఫిలిములో నాలుగవ వంతు మాత్రమే వెలుగును చూచును. తక్కిన మూడు వంతులకు తెర అడ్డము. నల్లని పట్టీకి, దాని అంచు గీత గీసినట్లు తిన్నగా ఉండుటకు కారణమిదియే.

ఇందుకు రెండు ఉపాయములు దొరికినవి. మొదటిది బల్బునే మార్చుట. ఎఫ్.పి. అను తరగతి బల్బులు చీలిక ఒక అంచునుండి మరియొక అంచునకు చేరువరకు ఇంచుమించు సమాన ప్రకాశముతో మండును. రెండవది వేళ కలుపుట. ఎం తరగతి బల్బు విద్యుత్తు తగిలిన పిమ్మట సెకండులో ఏబదవ వంతు గడచినగాని పూర్ణప్రకాశమునకు రాదు. కావున బల్బును ముందుగా అంటించి, షట్టరును ఆలస్యముగా తెరువవలెను. 1936 లో జర్మనీలో వెలువడిన కినె ఎక్సాక్టా కెమేరాలో ఫ్లాష్ తీగెలు తగిలించు రంధ్రములు అమర్చిరి. 1950 నాటి లైకా మూడు-ఎఫ్ లో బల్బు రకమును బట్టి ముందు వెనుకలను సరిచేయుటకు అంకెల చక్రమునే పెట్టిరి. ఆ అంకె తప్పినచో చిత్రము ఒకవైపునుండి మరియొకవైపునకు క్రమముగా మసకబారెడిది. ఏలనన చీలిక పరుగెత్తుచుండగా బల్బు ఇంకను రగులుకొనుచునో, అప్పటికే ఆరిపోవుచునో ఉండెడిది.

విద్యుత్ మెరుపు

విద్యుత్ కణికతో ఫోటో తీయవచ్చునని 1851 లోనే టాల్‌బట్ నిరూపించెను. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో వేగముగా తిరుగు చక్రమునకు వార్తాపత్రిక ముక్కను అంటించి, లైడెన్ జాడీల మెరుపుతో దానిని స్పష్టముగా చిత్రించెను. ఎనుబది ఏండ్ల పిమ్మట, 1931 ప్రాంతమున, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో హెరాల్డ్ ఎడ్జర్టన్ తిరుగు మోటారులను పరిశీలించుటకై వాయువు నింపిన గొట్టములో మరలమరల మెరుపును పుట్టించు పరికరమును నిర్మించెను. దాని వంశములోనివే నేటి ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌లు. కెపాసిటరులో నిలువచేసిన విద్యుత్తు జినాన్ వాయువుగుండా ఒక్కసారిగా ప్రవహించి మెరుపు నిచ్చును.

ఈ మెరుపునకు రగులుకొను ఆలస్యము లేదు. కావున ఎక్స్ అను సంకేతముగల కొత్త అమరిక వచ్చెను: మొదటి తెర దారి చివరకు చేరినంతనే ఫ్లాష్ వెలుగవలెను. రెండవ తెర అప్పటికి బయలుదేరియుండరాదు. ఇది సాధ్యమగు మిక్కిలి హెచ్చు వేగమును సమకాలిక వేగము అనవచ్చును. 1959 లో వచ్చిన నికాన్ ఎఫ్ కెమేరాలో ఇది 1/60 సెకండు. తెరలను ఫిలిము పొడవున గాక వెడల్పున పైనుండి క్రిందికి నడిపినచో 36 మిల్లీమీటర్లకు బదులు 24 మిల్లీమీటర్లే దాటవలెను. ఇట్లు నిలువుగా నడచు లోహపు రెక్కల షట్టరులు 1960 తరువాత వ్యాపించి, 1/125 సెకండు సాధ్యమయ్యెను. 1983 నాటి నికాన్ ఎఫ్.ఇ.2 లో అది 1/250 సెకండునకు చేరినది. 1986 లో ఒలింపస్ వారి ఎఫ్ 280 ఫ్లాష్ ఒక్క మెరుపునకు బదులు అతి శీఘ్రముగా వరుస మెరుపుల నిచ్చి, చీలిక పరుగెత్తునంతసేపు వెలుతురు నిలుచునట్లు చేసినది. పాత ఎఫ్.పి. బల్బు చేసిన పనియే ఇది. ఇందును వెలుతురును వ్యయము చేయవలసినదే; చీలిక బయట పడిన మెరుపులన్నియు వృథా యగును గనుక ఫ్లాష్ చేరు దూరము తగ్గును.

మూలల చీకటి, గొట్టపు నీడ

కెమేరానుండి వేరుగా ఉండు ఫ్లాష్‌లతో మరికొన్ని స్థలలోపములు వచ్చినవి. ఫ్లాష్ వెనుకనున్న పరావర్తకము వెలుతురును ఒక నిర్ణీత కోణములో మాత్రమే చిమ్మును. 36 మిల్లీమీటర్ల చిత్రముపై 50 మిల్లీమీటర్ల కటకము అడ్డముగా సుమారు 40 డిగ్రీల దృశ్యమును చూచును. 28 మిల్లీమీటర్ల కటకము సుమారు 65 డిగ్రీలు చూచును. మొదటిదానికి సరిపడు పరావర్తకమును రెండవదానితో వాడినచో నాలుగు మూలలు మసకబారును. ఫ్లాష్ ముఖమునకు వెలుతురును పరచు పలకను తగిలించుట దీనికి చికిత్స.

ఫ్లాష్ కెమేరాకు మిక్కిలి దగ్గరగా ఉండి, కటకపు గొట్టము పొడవైనదైనచో, ఆ గొట్టపు నీడ చిత్రము అడుగుభాగమున పడును. ఇచట ఒక చిక్కు కలదు. కటకము బింబమును తలక్రిందులు చేయును గనుక, పైనుండి క్రిందికి నడచు షట్టరులో రెండవ తెర ముందుగా వచ్చినచో కలుగు నల్లని పట్టీయును చిత్రము అడుగుననే కనబడును. రెండు లోపములు ఒక్కచోటనే ఉన్నవి. అయితే గొట్టపు నీడ అంచు వంపు తిరిగియుండును. తెర నీడ అంచు తిన్నగా ఉండును. షట్టరు వేగమును తగ్గించినచో తెర నీడ మాయమగును. గొట్టపు నీడ చెక్కుచెదరదు.

రేడియో తరంగములతో దూరమునుండి ఫ్లాష్‌ను వెలిగించునపుడు ఆ సంకేతమునకు పట్టు స్వల్ప ఆలస్యమువలన కూడ, సమకాలిక వేగమునందే సన్నని పట్టీ పడుట కలదు. వేగమును ఒక మెట్టు తగ్గించినచో అది పోవును.

పరీక్షించి చూచుట

ఉపాధ్యాయులు ఈ విషయములను తరగతిలో సులభముగా చూపవచ్చును. ఒక అట్టలో 5 సెంటీమీటర్ల చదరపు రంధ్రము చేసి, చిన్న దీపమునకు 30 సెంటీమీటర్ల దూరమున నిలుపవలెను. సెల్‌ఫోనులోని చిన్న దీపము దీనికి చాలును. తెరను 60 సెంటీమీటర్ల దూరమున ఉంచినచో దానిపై 10 సెంటీమీటర్ల చదరము పడును. 90 సెంటీమీటర్ల దూరమున 15 సెంటీమీటర్ల చదరము పడును. వైశాల్యము నాలుగు రెట్లు, తొమ్మిది రెట్లు పెరిగినది. అంతే వెలుతురు అంత చోటికి పంచబడినది. విలోమ వర్గ నియమము కంటికి కనబడును.

పాతకాలపు ఫిలిము కెమేరా దొరికినచో, దానిలో ఫిలిము లేకుండ వెనుకతలుపు తెరచి, కటకమును తెల్లని గోడవైపు త్రిప్పి, ద్వారమును పెద్దది చేసి, గోడపై ఫ్లాష్ వెలిగించుచు వెనుకనుండి చూడవలెను. వేగము సరియైనదైనచో దీర్ఘచతురస్రమంతయు వెలుగును. వేగము హెచ్చించినచో ఒక పట్టీ మాత్రమే వెలుగును. ఫ్లాష్ ముఖమును మాత్రము కన్నులకు ఎదురుగా పెట్టరాదు. పరికరమును విప్పరాదు, లోపలి కెపాసిటరులో సుమారు 300 వోల్టులు ఆపివేసిన పిదప కూడ నిలిచియుండును.

లోపముగల చిత్రము చేతికి వచ్చినపుడు మొదట చీకటి అంచును చూడవలెను. అంచు తిన్నగా, చట్రమునకు సమాంతరముగా ఉన్నచో షట్టరును అనుమానింపవలెను. వంపు తిరిగియున్నచో అడ్డమువచ్చిన వస్తువును వెదుకవలెను. అంచు లేక మెల్లమెల్లగా మూలలవైపు చీకటి కమ్మినచో పరావర్తకపు కోణము చాలలేదు. దూరము ననుసరించి చీకటి పెరిగినచో దీపము మిక్కిలి దగ్గరగా ఉన్నది. పిమ్మట ఒక్కొక్క మార్పే చేయవలెను: మొదట వేగము, తరువాత దీపపు స్థానము, తరువాత పరావర్తకము. మూడింటిని ఒక్కసారి మార్చినవానికి చిత్రము బాగుపడినను కారణము తెలియదు.

తెరలు లేని కెమేరాలలోను ఈ సమస్య కొంతకాలము సాగినది. ఎలక్ట్రానిక్ షట్టరు చిత్రమును వరుస తరువాత వరుసగా చదువును. ఆ నడుమ వచ్చిన మెరుపు కొన్ని వరుసలకే తగిలి, పాత పట్టీయే కొత్త రూపములో కనబడును. 2023 లో సోనీ సంస్థ ప్రకటించిన ఆల్ఫా 9 మూడవ నమూనాలో వరుసలన్నియు ఒకే క్షణమున చదువబడును గనుక, అందు 1/80000 సెకండు వేగమునందును పట్టీ పడకుండ ఫ్లాష్ వాడవచ్చును. కాలలోపమునకు ఇట్లు పూర్తి పరిష్కారము దొరికినది. స్థలలోపము మాత్రము నాదార్ కాలమున ఉన్నట్లే నేటికిని ఉన్నది. ఎంత ఖరీదైన కెమేరా యైనను, దీపమునకు రెండింతల దూరమున నిలిచినవానికి నాలుగవ వంతు వెలుతురే చేరును. ఫోటోగ్రాఫరు దీపమును ఎచట పెట్టవలెనో ఆలోచించినప్పుడే వెనుకవరుసలోని వాని ముఖము చిత్రములో నిలుచును.